ఇంగ్లిషు సందేహాలు: కాలు లాగితే మోసమా?

ప్రశ్న: ‘పుల్ సమ్‌వన్స్ లెగ్’, ‘టేక్ సమ్‌వన్ ఫర్ ఎ రైడ్’ రెండూ ఒకరిని నమ్మించి బోల్తా కొట్టించడమే కదండీ, ఒకదాని బదులు ఇంకొకటి వాడొచ్చా?

జవాబు: వద్దండీ, మాట పట్టింపులు వస్తాయి. మొదటిది ఆటపట్టించడం. లేనిది ఉన్నట్టు చెప్పి, అవతలివాళ్లు నమ్మగానే ‘ఊరికే అన్నాలే’ అంటే అక్కడితో అయిపోతుంది, ఎవరికీ నష్టం లేదు. రెండోది టోపీ పెట్టడం, డబ్బో నమ్మకమో పోయాక గానీ సంగతి బయటపడదు. స్నేహితుడు సరదాకి అన్న మాటకి ‘యూ టుక్ మీ ఫర్ ఎ రైడ్’ అన్నారంటే మోసగాడని నింద వేసినట్టే. ఇంకో చిక్కు కూడా ఉంది, మనం కాళ్లు పట్టి లాగడం అంటే ఎదిగేవాణ్ణి కిందకి గుంజడం అనుకుంటాం కాబట్టి ‘లెగ్ పుల్లింగ్’నీ ఆ అర్థంలోనే వాడేస్తుంటాం, కానీ బ్రిటన్, అమెరికా వాళ్లు దాన్ని సరదా కిందే లెక్కేస్తారు, మీ బాధ వాళ్లకి చేరదు.

ప్రశ్న: ‘హోల్డ్ యువర్ టంగ్’కీ ‘బైట్ యువర్ టంగ్’కీ తేడా ఉందా? రెండూ మాట్లాడకుండా ఉండటమేగా.

జవాబు: పైకి రెండూ మౌనమే. ‘హోల్డ్’ అన్నప్పుడు మాట్లాడకపోవడం వరకే, పైగా ఎదుటివాళ్లతో నేరుగా అంటే ‘నోరు ముయ్’ అన్నంత కటువుగా, కాస్త పాతకాలపు మాటలా ఉంటుంది. పెద్దవాళ్లతో అస్సలు అనకండి. ‘బైట్’లో పెనుగులాట ఉంది: మాట నాలుక చివరిదాకా వచ్చింది, అనెయ్యాలని ఒళ్లు మండిపోతోంది, అయినా ఆపుకున్నారు. అందుకే ‘ఐ హ్యాడ్ టు బైట్ మై టంగ్’ అని తమ గురించి తాము చెప్పుకోవడం ఎక్కువగా వినిపిస్తుంది. మనవాళ్లు బాగా పొరబడేది ఇక్కడే, ఎందుకంటే తెలుగులో నాలుక కరుచుకున్నాడంటే అనకూడనిది అనేసి ‘అయ్యో’ అనుకున్నాడని, ఇంగ్లిషులోనేమో అసలు అననే లేదని. రెండూ పూర్తిగా ఎదురుబొదురు. నోరు జారిన సందర్భానికి ‘స్లిప్ ఆఫ్ ద టంగ్’ ఉంది, అది వాడండి.

ప్రశ్న: ‘అవుట్ ఆఫ్ ద క్వశ్చన్’లో ‘ద’ వదిలేస్తే తప్పా?

జవాబు: అర్థమే తిరగబడుతుంది. ‘ద’ ఉంటే ‘ఆ ప్రసక్తే లేదు, కుదరదు’ అని. లేకుండా ‘అవుట్ ఆఫ్ క్వశ్చన్’ అంటే పాత రచనల్లో ‘సందేహమే లేదు’ అని, ఇప్పుడు దాన్ని వాడేవాళ్లు చాలా అరుదు. సెలవు ఇవ్వడం కుదరదని ఎవరికైనా రాయాల్సి వస్తే మాత్రం ఆ చిన్న ‘ద’ని మరిచిపోకండి.