ఫిల్టర్ మీద కేక్ నిలవకపోతే

ప్రశ్న: డిప్లొమా అయ్యాక షుగర్ ఫ్యాక్టరీలో ట్రైనీగా చేరాను, చెరకు రసంలోని మడ్డిని వడకట్టే మడ్ ఫిల్టర్ దగ్గర డ్యూటీ వేశారు. ఒక్కోరోజు కేక్, అంటే తిరిగే డ్రమ్ము జల్లెడ మీద నిలవాల్సిన మడ్డి పొర, అసలు పట్టదు, డ్రమ్ము మీంచి బురదలా జారిపోతుంది, లోపల్నించి నీళ్లు లాగే వాక్యూమ్ పెంచినా లాభం ఉండదు. అసలు ముందు రసాన్ని తేర్చే ఈ క్లారిఫయర్ తొట్టి దేనికి? రసం మొత్తం నేరుగా ఫిల్టర్‌కే పంపొచ్చు కదా?

జవాబు: నేరుగా పంపితే జల్లెడ కాసేపట్లోనే మూసుకుపోతుందండీ. చెరకు రసంలో ఉండేది మన్ను ఒక్కటే కాదు, మైనం, జిగురు, సన్నటి పీచు కూడా ఉంటాయి, అవి విడివిడిగా ఉన్నంతసేపు అడుక్కీ దిగవు, జల్లెడ మీదా నిలవవు. అందుకే రసాన్ని 70 డిగ్రీల దాకా వేడిచేసి, సున్నప్పాలు కలిపి, గంధకపు పొగ పట్టించి, మళ్లీ 100 డిగ్రీలు దాటేలా కాచి క్లారిఫయర్‌కి వదులుతారు. సున్నం రసంలోని ఫాస్ఫేట్‌తో కలిసి తునకలు కడుతుంది, నలకలన్నీ వాటికి అంటుకుని బరువెక్కి దిగిపోతాయి. మన ఊళ్లలో చిల్లగింజ అరగదీసి బురదనీళ్లు తేర్చేవాళ్లు చూడండి, ఇదీ అలాంటిదే. రెండు మూడు గంటల్లో పైన తేట రసం, అడుగున మడ్డి. ఫిల్టర్‌కి వెళ్లేది ఆ మడ్డి మాత్రమే.

ఇక మీ కేక్ సంగతి. వాక్యూమ్ ముట్టుకునే ముందు రసాన్ని చూడండి. సున్నం పట్టించి కాచిన రసం పొడవాటి గాజు జాడీలో పట్టి కదపకుండా ఉంచండి. తునకలు కంటికి ఆని, మడ్డికీ తేటకీ మధ్య గీత చకచకా దిగుతుంటే సరే, మబ్బుగానే ఉండిపోతే తేడా ఫిల్టర్‌లో లేదు, సున్నం దగ్గరే ఉంది. పీహెచ్ 7 దగ్గర ఉందో లేదో, వేడి సరిపోయిందో లేదో ముందు అది తేల్చుకోండి.

తునకలు బాగున్నా కేక్ జారుతుంటే బగాసిల్లో అనే పొట్టు తగ్గిందేమో చూడాలి. పిప్పిలోంచి జల్లించిన ఆ సన్న పొట్టు మడ్డిలో కలిస్తేనే కేక్‌లో నీళ్లు పోయే సందు ఉంటుంది. వాక్యూమ్ అంటారా, డ్రమ్ము మడ్డిని ఎత్తుకునే చోట తక్కువే ఉండాలి, ఆరబెట్టే చోట ఎక్కువ. ఎత్తుకునే చోటే గట్టిగా లాగితే సన్న మడ్డి వెళ్లి రంధ్రాల్లో కూరుకుపోతుంది, మీకు జరుగుతున్నది బహుశా ఇదే.

ఇంకోటి, కేక్ మీద వేడినీళ్ల జల్లు మాత్రం ఆపనివ్వకండి. నీళ్లు ఎక్కువైతే వాటిని మళ్లీ ఆవిరి చేయాలి, ఆ ఖర్చు నిజమే, కానీ ఆపేస్తే రైతు పండించిన చక్కెర మడ్డితో పాటు బండెక్కిపోతుంది. కేక్‌లో చక్కెర 2 శాతం లోపే ఉండేలా చూసుకోవాలి.

ప్రశ్న: మిల్లు నుంచి తెచ్చిన ప్రెస్ మడ్ (ఫిల్టర్ మీంచి తీసిన ఆ కేకే) నేరుగా చేలో వేయొచ్చా?

జవాబు: పచ్చిది వేయకండి. అందులో దాదాపు 70 శాతం నీరే, మైనం కూడా ఉంటుంది, కుళ్లేటప్పుడు వేడెక్కి లేత మొక్కల వేళ్లు దెబ్బతింటాయి. కుప్ప పోసి, పేడ కలిపి, తిరగేస్తూ రెండు మూడు నెలలు మాగనివ్వండి. మన దగ్గర మిల్లుల్లో గంధకపు పద్ధతే ఎక్కువ కాబట్టి మామూలు నేలలకి ఇబ్బంది ఉండదు, అయినా ఒకసారి అడిగి తెలుసుకోండి. కార్బొనేషన్ (సున్నం ఎక్కువ కలిపి బొగ్గుపులుసు వాయువు పట్టించే పద్ధతి) మిల్లుదైతే అందులో సున్నం బాగా ఎక్కువ, చౌడు నేలకి అసలు తోలొద్దు.