పిల్లల డాక్టరు నుంచి పెద్దల డాక్టరుకు మారేముందు ఏం చేయాలి?

అక్కా, మీ బాబుకు 15 ఏళ్ళు, టైప్ 1 షుగరు, మూడేళ్ళ తర్వాత పెద్దల డాక్టరుకు మారాలన్నారు, అప్పుడు చూసుకోవచ్చా అని అడిగారు. అప్పటిదాకా ఆగకండి, ఈ నెలే మొదలుపెట్టండి. ఆగినందుకు మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను.

మాది ఆదోని దగ్గర పల్లె. మా తమ్ముడికి ఎనిమిదేళ్ళప్పుడు షుగరు బయటపడింది. నెలనెలా బస్సులో కర్నూలుకు తీసుకుపోయేది అమ్మే. సూది వేసేది అమ్మ, యూనిట్ల లెక్క అమ్మకే నోటికి వచ్చు, ఎండాకాలంలో ఇన్సులిన్ సీసాను మట్టికుండలో చల్లగా దాచేదీ అమ్మే. వాడికి 18 నిండాయి, డిగ్రీకి అనంతపురం హాస్టల్లో చేరాడు. పాత చోట ఫైలు చేతికిచ్చి “ఇక పెద్దల డాక్టరుకు చూపించుకో” అన్నారు, అంతే. కొత్త డాక్టరు “ఏ ఇన్సులిన్, ఎన్ని యూనిట్లు?” అంటే వాడు అమ్మకు ఫోన్ చేశాడు.

ఆ రోజు మందు మారింది. రాత్రికి 16 యూనిట్లు వేసుకోమన్నారు. కొత్త సీసా మిల్లీలీటరుకు 100 యూనిట్లది. వాడి సంచిలో ఉన్నవేమో ఎర్ర మూత సిరంజిలు, అవి మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే సీసాకు చేసినవి. ఆ సిరంజితో 100 సీసా నుంచి 16 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 40 యూనిట్లు. ఈ సంగతి వాడికి ఎవరూ చెప్పలేదు. తెల్లవారుజామున ఒళ్ళంతా చెమటలు, మాట తడబడుతోంది. పక్క మంచం అబ్బాయికి మెలకువ వచ్చి చక్కెర నీళ్ళు తాగించాడు. మింగగలిగాడు కాబట్టి సరిపోయింది. షుగరు మీటరులో 42 చూపించింది, అంటే బాగా పడిపోయింది. ఆ అబ్బాయి లేవకపోయుంటే అన్న మాట మా ఇంట్లో ఇప్పటికీ ఎవరూ పూర్తి చేయరు.

మీరు ఇప్పుడే లేచి సీసా మీద 40 ఉందా 100 ఉందా చూడండి. 100 అయితే నారింజ మూత సిరంజే వాడాలి.

నేను తర్వాత ఎమ్మెస్సీ నర్సింగ్‌లో పిల్లల విభాగం తీసుకున్నది కూడా ఆ రాత్రి వల్లే. అప్పుడే సిసిలీ బెట్జ్ రాసినవి చదివాను. అమెరికాలో పిల్లల నర్సింగ్ పరిశోధకురాలు. దీర్ఘకాల జబ్బున్న పిల్లలు పెద్దల వైద్యంలోకి వెళ్ళే ఈ దశ మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. నాకు బాగా పట్టుకున్నది ఏంటంటే, ఫైలు పంపడం వేరు, పిల్లవాణ్ణి తయారుచేయడం వేరు. ఆ రెండోదానికి ఏళ్ళు పడుతుంది, అందులో నర్సు పని చాలా ఉంటుంది. అక్కడి డాక్టర్ల సంఘాలు కలిసి 2011లో ఇచ్చిన, 2018లో సవరించిన సూచనల్లో కూడా ఈ మారడం గురించి పిల్లలతో మాట్లాడటం 12 ఏళ్ళ వయసు నుంచే మొదలుపెట్టాలని ఉంది. మన దగ్గర చాలా ఆసుపత్రుల్లో 12 దాటితే పిల్లల వార్డులో చేర్చుకోరు. మనవాళ్ళకు వచ్చే టైమ్ ఇంకా తక్కువ.

కాబట్టి ఈ నెల సూది మీ బాబునే వేసుకోనీయండి, మీరు పక్కన నిలబడి చూడండి, చెయ్యి పెట్టకండి. అది అలవాటయ్యాక మందులు కొనుక్కురావడం వాడికి అప్పగించండి. ఆ తర్వాత డాక్టరు గదిలోకి ముందు వాణ్ణి ఒక్కణ్ణే పంపండి, మీరు ఐదు నిమిషాలాగి వెళ్ళండి. అమ్మకు ఇది కష్టం, మా అమ్మ తలుపు దగ్గరే నిలబడేది. అయినా ఆ ఐదు నిమిషాల్లోనే పిల్లలు మన ముందు అడగలేనివి అడుగుతారు.

జ్వరమొచ్చినా, తిండి సయించకపోయినా ఇన్సులిన్ పూర్తిగా మానకూడదని వాడి చేతే మీకు చెప్పించండి. వాంతులు, కడుపునొప్పి, ఆయాసం కలిసి వస్తే హాస్టల్లో పడుకోకుండా ఆసుపత్రికి పరుగెత్తాలని కూడా.

మారే రోజుకు ఒక్క పేజీ చాలు. జబ్బు ఎప్పుడు బయటపడింది, ఏ ఇన్సులిన్, ఎన్ని యూనిట్లు, సీసా 40దా 100దా, చివరి మూడు హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగరు) రిపోర్టులు, కళ్ళు, కిడ్నీ పరీక్షలు ఎప్పుడు చేయించారు, ఇవి పాత డాక్టరు చేత రాయించి సంతకం తీసుకోండి. కొత్త డాక్టరును రెండుసార్లు కలిసేదాకా పాత డాక్టరును వదలకండి. మీ సీసా మీద ఏముందో ఇక్కడ రాస్తే, ఆ పేజీ ఎలా ఉండాలో నేనే ఒకటి రాసి పెడతాను.