బొమ్మలు తగ్గించాలంటే ముందు మాట్లాడాల్సింది మీవారితో

ప్రశ్న: మేం బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో ఉంటాం. ఇద్దరం ఐటీ ఉద్యోగులమే. బాబుకి నాలుగేళ్లు. హాల్లో అడుగు పెట్టలేనన్ని బొమ్మలున్నాయి, దేనితోనూ కుదురుగా ఆడడు. మావారు ప్రతి శనివారం ఇంకోటి కొంటారు. వద్దంటే ‘నా చిన్నప్పుడు నాకు లేవు, వాడికైనా ఉండనీ’ అంటారు. అత్తగారిదీ అదే మాట. వాడు పడుకున్నాక సగం పారేద్దామనుకుంటున్నాను. తప్పా?

జవాబు: తగ్గించడం తప్పు కాదు, దొంగచాటుగా పారేయడమే తప్పు. పొద్దున లేచి తన బస్సు కనబడకపోతే మిగిలినవాటిని వాడు ఇంకా గట్టిగా పట్టుకుంటాడు.

2018లో అమెరికాలోని టొలీడో విశ్వవిద్యాలయం పరిశోధకులు 36 మంది పసివాళ్ల ఆట గమనించారు. ఎదురుగా 16 బొమ్మలు ఉన్నప్పటికంటే 4 ఉన్నప్పుడే ఒక్కోదానితో ఎక్కువసేపు, రకరకాలుగా ఆడారు. వాళ్లు మీవాడికంటే చిన్నవాళ్లు, కానీ మీ ఇంట్లో కనబడుతున్నదీ అదే. ఐదారు బయట ఉంచి మిగతావి వాడి చేతే పెట్టెల్లో సర్దించి లాఫ్ట్ ఎక్కించండి. రెండు మూడు వారాలకోసారి మార్చండి. బంతి, బ్లాక్స్, లక్కపిడతలు ఉండనివ్వండి. మీట నొక్కగానే వాటంతటవే గెంతే బ్యాటరీ బొమ్మలు ముందు పైకి పంపండి. ఆడేది అవే, పిల్లాడు చూడ్డమే! అత్తగారికి బొమ్మల కొలువు గుర్తుచేయండి. ఏడాదంతా పెట్టెలో ఉంటాయి కాబట్టే కదా పండక్కి తీసినప్పుడు అంత ముచ్చట.

అసలు చిక్కు మీవారి దగ్గరుంది. ఆయన కొంటున్నది కొంత తన చిన్నతనం కోసం, కొంత వారమంతా కొడుకుతో గడపలేకపోయినందుకు. ‘కొనొద్దు’ అంటే గొడవే మిగులుతుంది. శనివారం పిల్లాణ్ని ఆయనకే అప్పగించండి. పర్పుల్ లైన్ మెట్రోలో నేరుగా కబ్బన్ పార్క్ వెళ్లొచ్చు, ఆ ప్రయాణమే వాడికి సగం పండగ. ఇంకోసారి లాల్‌బాగ్ బండ ఎక్కించమనండి. కొనే సరదా తీరకపోతే ఎప్పుడైనా మైసూరు రోడ్డు మీద చన్నపట్న తీసుకెళ్లి, బొమ్మ ఎలా చేస్తారో చూపించి, ఒక్కటి కొనిమ్మనండి. మన ఏటికొప్పాక లక్కబొమ్మల్లా అక్కడా వాడేది అంకుడు కర్రే.

అయినా ఏదో ఒక శనివారం కవరుతో వస్తారు. పిల్లాడి ముందు వాదించకండి, కొత్తది దింపిన రోజే పాతది ఒకటి పైకెక్కాలన్న లెక్క ఇద్దరూ ముందే అనుకోండి. పుట్టినరోజుల్లో వచ్చే రిటర్న్ గిఫ్టులకూ ఇదే లెక్క.

మొదట్లో కొన్నాళ్లు ‘ఏం తోచట్లేదు’ అని గునుస్తాడు. అప్పుడు మాత్రం ఊరుకోబెట్టడానికి ఫోన్ ఇవ్వకండి.