అక్క అభిమానులు నన్ను వెలివేశారు

ప్రశ్న: నా వయసు 28. ఒక ఫాంటసీ నవలల సిరీస్ మీద నాలుగేళ్లుగా ఫ్యాన్ ఫిక్షన్ (ఆ పాత్రలతో అభిమానులు సొంతంగా అల్లే కథలు) రాసి ‘ఆర్కైవ్ ఆఫ్ అవర్ ఓన్’ అనే వెబ్‌సైట్‌లో పెడుతున్నాను. మా ఫ్యాండమ్‌లో, అంటే ఆ సిరీస్ అభిమానుల బృందంలో, అందరూ ‘అక్కా’ అని పిలిచే రచయిత్రి ఒకరున్నారు. ఆవిడకి వేలమంది ఫాలోవర్లు. నా కథ బాగుందని ఆవిడ పోస్ట్ పెట్టాకే నన్ను నలుగురూ చదివారు. అప్పట్నుంచి ఆవిడ కథలకు తప్పులు దిద్దాను, ఆవిడ గ్రూపుకి మోడరేటర్‌గా ఉన్నాను. అభిమానులం కలిసి వేస్తున్న సంకలనానికి కొనేవాళ్లు కట్టిన ముందస్తు డబ్బు కూడా నా ఖాతాలోనే ఉంది. రెండు నెలల క్రితం ఒక పాత్ర విషయంలో ఆవిడ మాట నాకు నచ్చలేదని కామెంట్ పెట్టాను. మర్నాడు పేరెత్తకుండా ‘తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాళ్లు’ అని ఆవిడ పోస్ట్. ఆ రాత్రే వందల కొద్దీ తిట్లు, గ్రూపు నుంచి తీసేయడం. స్నేహితులనుకున్నవాళ్లు కూడా మాట్లాడటం లేదు. రాత్రి రెండింటికి లేచి ఎవరేమన్నారో చూస్తున్నాను. ‘లేని మనుషుల కోసం ఈ ఏడుపేంటి’ అంటారు మా ఆయన. వేరే ఐడీతో నిజం బయటపెట్టాలనీ ఉంది, కథలన్నీ తీసేసి పోవాలనీ ఉంది. ఏం చేయను?

జవాబు: మీరు ఒక్క వాక్యంలో దాటేసిన సంకలనం డబ్బు సంగతి ముందు తేల్చండి. మిగతాదంతా మాటల గొడవ, ఇది లెక్క. ఇవాళ విశ్వాసం లేనిదన్నవాళ్లకి రేపు ‘డబ్బుతో మాయమైంది’ అనడం పెద్ద పని కాదు. ఎవరెవరు ఎంత కట్టారు, ప్రెస్సుకి ఎంత ఇచ్చారు, ఎంత మిగిలింది అన్నది బ్యాంకు స్టేట్‌మెంట్‌తో సరిచూసి ఈ వారంలోనే పట్టిక చేయండి. రసీదులు జతచేసి నిర్వాహకులందరికీ ఒకే మెయిల్‌లో పంపండి, అక్క ఒక్కరికే పంపొద్దు. ఏ ఖాతాకి బదిలీ చేయాలో కనీసం ఇద్దరు రాతపూర్వకంగా చెప్పాలనీ, పది రోజుల్లో జవాబు రాకపోతే మిగిలిన డబ్బు కట్టినవాళ్లకే తిరిగిస్తాననీ అందులో రాయండి.

తిరిగివ్వాల్సి వస్తే డబ్బు వచ్చిన దారినే పోవాలి, అంటే పాత చెల్లింపు మీదే రిఫండ్ ఇవ్వాలి. విడిగా కొత్త బదిలీ చేశారనుకోండి, అవతలివాళ్లు పాత చెల్లింపుపై బ్యాంకుకి ఫిర్యాదు చేస్తే అదే సొమ్ము రెండోసారి పోవచ్చు. రిఫండ్‌కి గడువు పెట్టే యాప్‌లు ఉన్నాయి కాబట్టి మొట్టమొదటి చెల్లింపు తేదీ చూసుకోండి. ప్రెస్సు అడ్వాన్సు వెనక్కి రాకపోతే ఆ లోటు మీ జేబులోంచి పూడ్చకండి. దాన్ని నిర్వాహకులందరూ కలిసి తేల్చుకోవాలి. పని అప్పగించాక కొన్నవాళ్ల చిరునామాల కాపీ మీ దగ్గర ఉంచుకోకండి, చెల్లింపుల రికార్డు మాత్రం దాచండి. ఉమ్మడి ఫైళ్లు మీ పేరుతో ఉంటే యాజమాన్యం మార్చండి. కోపంలో ఒక్కటి తుడిచేసినా మీ పక్షాన ఉండగలిగినవాళ్లు కూడా దూరమవుతారు.

ఇక మీ మీద దాడి సంగతి. అక్క లాంటివాళ్లని ‘బిగ్ నేమ్ ఫ్యాన్’ అంటారు. సైన్స్ ఫిక్షన్ అభిమానులు సొంతంగా పత్రికలు వేసుకుని పోస్టులో పంపుకున్న రోజుల నాటి మాట ఇది. వెలివేతలూ అంత పాతవే. 1939లో న్యూయార్క్‌లో జరిగిన మొట్టమొదటి ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభకి, నిర్వాహకులతో పడని వర్గానికి చెందిన ఆరుగురు అభిమానుల్ని లోపలికి రానివ్వలేదు. ఫ్యాండమ్‌లో జీతం లేదు, పదవికి కాగితం లేదు. నలుగురి దృష్టి ఎవరి మీద ఉందన్నదే అక్కడ ఆస్తి. కొత్తగా వచ్చినవాళ్లు పెద్ద పేరున్న మనిషి ఏది చదవమంటే అది చదువుతారు, అందుకే ఆ మనిషికి దగ్గరగా ఉన్నవాళ్లకీ కొంత వెలుగు పడుతుంది. మీకూ అలాగే పడింది.

అక్కే చెప్పి తిట్టించారా లేదా అని మీరు తవ్వుతున్నట్టున్నారు. అది తేలదు, తేలాల్సిన అవసరమూ లేదు. ఇలాంటిచోట ఎవరూ ఎవరికీ ఆజ్ఞలివ్వనక్కర్లేదు. పేరు చెప్పని పోస్ట్ ఒకటి పడితే చాలు, అందులో ఉన్నదెవరో ముందు కనిపెట్టి ముందు తిట్టినవాళ్లకి ఆవిడ దగ్గర మార్కులు పడతాయి. మామూలుగా ఎక్కువ నోరు చేసుకునేది ఆవిడ ప్రాణస్నేహితులు కాదు, ఇంకాస్త దగ్గర కావాలని చూసే రెండో వరస. ఒక మోడరేటర్ స్థానం ఖాళీ అయిందన్న సంగతి కూడా వాళ్లకి తెలుసు. అలాగని ఆవిడ బాధ్యత పోదు. వేలమంది వింటున్నారని తెలిసి సామెత విసిరినవాళ్లు దాని ఫలితాన్ని ఊహించలేదంటే నేను నమ్మను.

మీకు పోయినవి రెండు: ఆవిడ పక్కన ఉన్న స్థానం, ఆవిడతో స్నేహం. ఈ రెంటినీ కలిపి ఏడుస్తున్నారు కాబట్టే తెమలడం లేదు. తెర మీది మనిషి మనకి ఆప్తులన్నట్టు అనిపించే ఏకపక్ష బంధానికి డొనాల్డ్ హార్టన్, రిచర్డ్ వోల్ అనే పరిశోధకులు 1956లో పారాసోషల్ అని పేరు పెట్టారు. ఆవిడతో మీరు రోజూ మాట్లాడేవారు కాబట్టి మీది పూర్తిగా అది కాదు. కానీ మొదలైంది అలాగే, ఎత్తుపల్లం కూడా అలాగే ఉండిపోయి ఉండొచ్చు. గొడవకి ముందు మూడు నెలల మెసేజ్‌లు ఒక్కసారి, పగటిపూట, తెరిచి చూడండి. పనులు పురమాయించినవి ఎన్ని? మీ రాత గురించి ఎన్ని? ఫ్యాండమ్‌తో సంబంధం లేకుండా మీ ఒంట్లో ఎలా ఉంది, ఉద్యోగం ఎలా ఉంది అని ఆవిడే అడిగినవి ఎన్ని? మూడో రకం వేళ్ల మీద లెక్కపెట్టేన్ని కూడా లేకపోతే మీరు పోగొట్టుకున్నది ఎక్కువగా స్థానమే. స్థానం పోయినా బాధే. అయితే దానికి మందు వేరు, ఇంకోచోట ఇంకో పని దొరికితే మానుతుంది.

వేరే ఐడీ ఆలోచన ఇవాళే మానుకోండి. మీ వాక్యం నడక, ఎప్పుడూ చేసే అచ్చుతప్పులు, కామాకి ముందు వదిలే ఖాళీ, ఆన్‌లైన్‌లో ఉండే వేళలు, మీకు తప్ప తెలియని వివరాలు అన్నీ మిమ్మల్ని పట్టిస్తాయి. నాలుగేళ్లు మిమ్మల్ని చదివినవాళ్లే అక్కడ ఉన్నారు. కొన్ని వేదికల్లో నిర్వాహకులకి ఐపీ అడ్రస్ కూడా కనిపిస్తుంది. పట్టుబడ్డ క్షణం నుంచీ మీరు చెప్పిన నిజాలూ అబద్ధాల లెక్కలోకే పోతాయి. పేరు లేని పోస్టులకి సొంత ఐడీతో కూడా బదులివ్వకండి, గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టే. ఎవరైనా నేరుగా అడిగితే మాత్రం ‘ఒక పాత్ర మీద అభిప్రాయం చెప్పాను, ఆ కామెంట్ ఇదిగో’ అని చెప్పి ఊరుకోండి.

తిట్లకి స్క్రీన్‌షాట్లు తీయండి. తేదీ, ఐడీ, పైన జరిగిన సంభాషణ కనిపించాలి. ఒక ఫోల్డర్‌లో వేసి మళ్లీ తెరవకండి. చంపుతామన్నా, మీ అసలు పేరో చిరునామానో బయటపెట్టినా అదే రోజు వేదికకి రిపోర్ట్ చేసి పోలీసులకీ చెప్పండి.

కథల విషయంలో నెల రోజులు ఏ నిర్ణయమూ వద్దు. మీరు రాసే ఆర్కైవ్‌లో ‘ఆర్ఫన్’ చేస్తే కథ ఉంటుంది, మీ పేరు పోతుంది. తర్వాత మనసు మారినా ఆ కథ తిరిగి మీ చేతికి రాదు. డిలీట్ చేస్తే పాఠకుల కామెంట్లూ పోతాయి. ఈలోగా ప్రతి కథనీ ఈపబ్‌గా (ఈ-బుక్ ఫైలుగా) దించి దాచుకోండి. ఖాతా ఉన్నవాళ్లకే కనిపించేలా మార్చండి, మీరు ఒప్పుకుంటేనే కామెంట్ బయటకొచ్చేలా పెట్టండి, తిట్టినవాళ్లని బ్లాక్ చేయండి. కుడోస్ (కథ నచ్చిందని పాఠకులు నొక్కే మెచ్చుకోలు) ఈమెయిళ్లు ప్రిఫరెన్సెస్‌లో ఆపేయండి. అవి వచ్చినా రాకపోయినా ఇప్పుడు మీకు మేలు చేయవు.

ఫోన్ పడకగదిలో ఉండకూడదు, అలారానికి విడిగా గడియారం పెట్టుకోండి. చూడకుండా ఉండలేకపోతే పగలు ఒక వేళ పెట్టుకుని ఇరవై నిమిషాలు చూడండి. మొదటి కొన్ని రోజులు చేతులు లాగుతాయి. రెండు వారాలు ఇలా చేసినా నిద్ర రాకపోతే, తిండి మీద, ఉద్యోగం మీద దెబ్బ పడుతుంటే డాక్టర్‌ని కలవండి. చనిపోవాలన్న ఆలోచన వస్తే ఒక్క రోజు కూడా ఆగకుండా ఇంట్లో చెప్పి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

మీ ఆయనకి పాత్రల పేర్లతో మొదలుపెట్టి చెబితే అర్థం కాదు. ‘నాలుగేళ్లు పనిచేసిన చోట నలుగురిలో అవమానించి పంపేశారు’ అని చెప్పండి, జరిగింది అదే. ఆ నాలుగేళ్ల సాయంత్రాలు ఎటు పోయాయన్న కినుక ఆయనకుంటే అదీ వినండి.

ఇంకో గ్రూపులో చేరే ముందు నియమాలు రాసిపెట్టారా, అడ్మిన్‌లు మారుతుంటారా, డబ్బు లెక్కలు అందరికీ చూపిస్తారా అని చూడండి. 1953లో పుట్టిన ట్రాన్స్-అట్లాంటిక్ ఫ్యాన్ ఫండ్ అనే సైన్స్ ఫిక్షన్ అభిమానుల నిధిలో అభిమానుల ఓట్లతో గెలిచినవాళ్లకి సముద్రం దాటి సభకి వెళ్లే గౌరవం దక్కుతుంది, ఆ తర్వాత నిధినీ తదుపరి ఎన్నికనీ నడిపే చాకిరీ కూడా వాళ్ల మీదే పడుతుంది. పేరుతో పాటు అలా పనీ గడువూ ఉన్నచోట మనుషులు కాస్త నేల మీద ఉంటారు. వీటన్నిటికంటే పనికొచ్చే ఆనవాలు ఇంకొకటుంది: అక్కడి పెద్దమనిషితో బహిరంగంగా విభేదించి కూడా హాయిగా కొనసాగుతున్నవాళ్లు ఒక్కరైనా కనిపిస్తారా?

మెసేజ్‌లు చూశాక అక్కతో ఉన్నది నిజంగా స్నేహమే అనిపిస్తే, విడిగా ఒక్క మెసేజ్ రాయండి. ‘నా కామెంట్ మిమ్మల్ని నొప్పించి ఉంటే నాతో మాట్లాడాల్సింది. మీ పోస్ట్ తర్వాత నాకు జరిగింది ఇదీ. మాట్లాడాలనుకుంటే ఉన్నాను.’ అభిప్రాయం చెప్పినందుకు క్షమాపణ వద్దు, స్క్రీన్‌షాట్లు పంపొద్దు. రేపు అందరికీ చూపించినా సిగ్గుపడనక్కర్లేని మాటలే ఉండాలి. జవాబు రాకపోతే రెండోది పంపకండి. జవాబు మీకు కాకుండా కొత్త పోస్టుగా నలుగురి ముందుకొస్తే అక్కడితో వదిలేసి ఆవిడ ఐడీని మ్యూట్ చేయండి.