బస్సెక్కే ముందు, దిగిన తరువాత

పాఠకుల ప్రశ్నలు – మా జవాబులు

కార్తీకం వచ్చిందంటే బడుల్లో విహారయాత్రల సందడి మొదలవుతుంది. ఈసారి మాకు అందిన ఉత్తరాల్లో ఎక్కువ వాటి గురించే. పిల్లలూ, అమ్మలూ, ఉపాధ్యాయులూ అడిగినవాటిలో కొన్నిటికి జవాబులివి.

ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలు 60 మందిని ఒక్కరోజులో నాగార్జునసాగర్ చూపించి తీసుకురావాలనుకుంటున్నాం. డ్యామ్, నాగార్జునకొండ, అనుపు, ఎత్తిపోతల జలపాతం, బుద్ధవనం బౌద్ధ పార్కు – అన్నీ కుదురుతాయా?
– ఉపాధ్యాయుడు, నల్లగొండ

కుదరవు. అన్నిచోట్లా ఫొటోలు దిగి రావచ్చు గానీ చూడటం మాత్రం అవదు. 60 మంది బస్సు దిగి, వరస కట్టి, మళ్లీ ఎక్కేసరికి ఒక్కోచోట అరగంట పోతుంది. ఐదు చోట్లంటే రెండున్నర గంటలు దిగడానికీ ఎక్కడానికే సరి. మూడు పెట్టుకోండి: పొద్దున్నే నాగార్జునకొండ, భోజనాలయ్యాక అనుపు, వెలుతురు మిగిలితే ఎత్తిపోతల. డ్యామ్ ఎలాగూ దారిలో కనబడుతుంది. బుద్ధవనానికి విడిగా ఒక పూట కావాలి.

శుక్రవారం వెళ్లకండి, కొండమీది మ్యూజియానికి ఆ రోజు సెలవు. జలాశయం మధ్యనున్న ఆ కొండకు చేర్చే లాంచీ ప్రతిరోజూ నడుస్తుందన్న భరోసా లేదు. నీటిమట్టం, గాలి, వచ్చిన జనం – వీటినిబట్టి ఆపేస్తుంటారు. ముందురోజు ఫోన్ చేసి కనుక్కోండి. లాంచీ లేదంటే ఆ పూట బుద్ధవనానికి మార్చుకోవచ్చు. కొండను మధ్యాహ్నానికి పెడితే మాత్రం లాంచీ ఆలస్యమైనకొద్దీ తిరుగు ప్రయాణం రాత్రిలోకి జారుతుంది.

బయలుదేరే ముందురోజు ఒక పీరియడ్ కేటాయించి ఈ నాలుగు ముక్కలు చెప్పండి. ఆ లోయలో ఒకప్పుడు ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. డ్యామ్‌కు 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు. లోయ మునిగిపోతుందని తెలిసి 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికినవాటిని కొండమీదికి చేర్చారు. కొన్ని కట్టడాలను అక్కడా, మరికొన్నిటిని అనుపులోనూ తిరిగి నిలబెట్టారు. ఇది తెలియని పిల్లవాడికి అక్కడ కనబడేవి రాళ్లే.

లెక్క విషయానికొస్తే, పదిమందికొక జట్టు, జట్టుకొక పెద్ద. ఆడపిల్లల జట్లకు ఉపాధ్యాయినులు తప్పనిసరి. జట్టులో ప్రతి ఒక్కరికీ 1 నుంచి 10 దాకా ఒక అంకె ఇవ్వండి. బస్సు కదిలే ముందు ఎవరి అంకె వాళ్లు పలకాలి. తలలు లెక్కపెడితే 59 అని తేలుతుంది గానీ లేనిది ఎవరో తేలదు. అంకెలైతే ఎక్కడ ఆగిందో అక్కడే తెలుస్తుంది.

నీళ్ల దగ్గర బేరాల్లేవు. లాంచీ కదలకముందే లైఫ్ జాకెట్ల బకిల్స్ పెట్టి ఉండాలి. డ్యామ్ దిగువన ఎండిన బండలు ఎంత ఊరించినా దింపకండి. 2014 జూన్ 8న హిమాచల్‌ప్రదేశ్‌లో బియాస్ నదిలోకి దిగిన హైదరాబాద్ ఇంజనీరింగ్ విద్యార్థులు 24 మంది చనిపోయింది ఎగువ ప్రాజెక్టునుంచి ఒక్కసారిగా నీళ్లు వదలడం వల్లే. ఒడ్డున నిలబడ్డవాళ్లకు ముప్పు ముందుగా కనబడదు.

మా పాప ఐదో తరగతి. బస్సెక్కితే వాంతులు. పిక్నిక్‌కి పంపాలంటే భయంగా ఉంది.
– ఒక తల్లి, గుంటూరు

పంపండి, కాస్త సర్దుబాటుతో. చెవి లోపలి భాగం ‘కదులుతున్నాం’ అంటుంది, ఎదుటి సీటును చూస్తున్న కన్ను ‘లేదు’ అంటుంది. ఈ పేచీ వల్లే కడుపు తిప్పుతుంది. రెండు నుంచి పన్నెండేళ్ల పిల్లల్లో ఇది ఎక్కువ. పాపకు ముందు వరసల్లో కిటికీ పక్క సీటు అడగండి. వెనక చక్రాలమీద, చివరి వరసలో కుదుపు ఎక్కువ. దూరంగా ఉన్న చెట్టునో కొండనో చూడమనండి. ఫోనూ, పుస్తకమూ వద్దు.

ఖాళీ కడుపుతో పంపడం చాలామంది చేసే పొరపాటు. దానివల్ల వికారం పెరుగుతుంది. గంట ముందు రెండు ఇడ్లీలు చాలు. పూరీలు, పాలు వద్దు. మాత్ర వేయాలంటే మోతాదు డాక్టరును అడిగి, బయలుదేరకముందే వేయండి. వాంతి మొదలయ్యాక వేసిన మాత్ర కడుపులో నిలవదు. కొన్ని మాత్రలకు మత్తుగా ఉంటుంది కాబట్టి ఒక సెలవురోజు ఇంట్లో వేసి చూడటం మంచిది. చిరుగులేని కవర్లు మూడు, పాత తువ్వాలు, ఒక జత బట్టలు పైజేబులో ఉంచండి. అడుగున పెడితే అందేలోపే పని అయిపోతుంది.

నలుగురు పిల్లలకు పులిహోర కట్టివ్వాలి. పోయినేడు మధ్యాహ్నానికే వాసన వచ్చిందట.
– అమ్మమ్మ, తెనాలి

అర కిలో బియ్యానికి 80 నుంచి 100 గ్రాముల చింతపండు తీసుకోండి. పాతదైతే 80 చాలు. గుజ్జు వీలైనంత చిక్కగా తీసి, పచ్చిమిర్చి, ఉప్పు, పసుపు వేసి నూనె పైకి తేలేదాకా ఉడికించండి. అందులో నీరు మిగిలితే ఆ నీరే అన్నాన్ని పాడుచేస్తుంది. అన్నం పొడిపొడిగా వండి వెడల్పాటి పళ్లెంలో పరిచి, చెంచాడు నూనె చల్లి ఆరనివ్వండి. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టండి. పోయినేడు వాసన రావడానికి ఎక్కువగా అవకాశమున్నది వేడిమీద మూత పెట్టడమే: ఆవిరి మూతకు తగిలి చెమ్మగా మారి తిరిగి అన్నంలోకే కారుతుంది. తడి చెయ్యి తగలనివ్వకండి. పల్లీలు విడిగా చిన్న పొట్లం కట్టివ్వండి, కలిపేస్తే మెత్తబడతాయి. పెరుగన్నం కూడా కావాలంటే పాలు ఎక్కువ, పెరుగు చెంచాడే వేసి కలపండి. మధ్యాహ్నానికి సరిగ్గా తోడుకుంటుంది.

సాగర్ వెళ్లొచ్చాక వ్యాసం రాయమన్నారు. రెండు పేజీలు రాశాను. ‘అందరూ రాసిందే రాశావు’ అన్నారు సారు. నా వ్యాసం పంపుతున్నాను. ఏం లోపం?
– ఎనిమిదో తరగతి విద్యార్థి, మిర్యాలగూడ

మీ సారు అన్నమాట నిజమే. నీ మొదటి పేరా ఇదీ: ‘ఉదయం 5 గంటలకు నిద్ర లేచాము. బస్సులో పాటలు పాడుకుంటూ వెళ్లాము. లాంచీ ఎక్కాము. చాలా ఆనందం కలిగింది.’ ఇందులో తప్పులు లేవు. కానీ సాగర్ బదులు అరకు అని పెట్టి, లాంచీ బదులు రైలు అని మార్చితే ఆ వ్యాసమూ ఇదే అవుతుంది. నువ్వు చూసింది ఇందులో లేదు.

రెండో పేజీ చివర ఒక్క వాక్యం ఉంది: ‘నీళ్ల కింద ఊరుందని సారు చెబితే అందరం కిందికి చూశాము.’ అసలు వ్యాసం అక్కడుంది! దాన్ని పైకి తెచ్చి ఇలా విప్పి చూడు: ‘లాంచీ ఇంజను మోతకి పక్కవాడి మాట వినబడాలంటే చెవిలో అరవాల్సి వచ్చింది. ఈ నీళ్ల కింద ఊరుందని సారు చెప్పారు. అరుస్తున్నవాళ్లం ఆగి, కమ్మీలు పట్టుకుని కిందికి చూశాం. పచ్చటి నీళ్లు తప్ప ఏమీ కనబడలేదు.’ ఆనందం, ఆశ్చర్యం అన్న మాటలు ఇందులో ఎక్కడా లేవు. అయినా చదివేవాడికి అందుతుంది.

వచ్చే యాత్రకు జేబులో పట్టే చిన్న నోటుపుస్తకం, ఒక పెన్సిల్ పెట్టుకో. పెన్నుతో రాసింది నీళ్లు పడితే అలుక్కుపోతుంది. దిగిన ప్రతిచోటా మూడు ముక్కలు రాసుకో: లెక్కపెట్టింది ఒకటి, విన్నది ఒకటి, ఎవరినైనా అడిగి తెలుసుకున్నది ఒకటి. డ్యామ్‌కు గేట్లు 26 అని పుస్తకంలో చదవడం వేరు, ఈ చివర నుంచి ఆ చివరకు లెక్కపెడుతూ మధ్యలో తప్పి మళ్లీ మొదలుపెట్టడం వేరు. మ్యూజియంలో బోర్డుమీది పేర్లు, శతాబ్దాలు అక్కడే రాసుకో. ఇంటికొచ్చి గుర్తు తెచ్చుకుంటే తప్పులొస్తాయి. పావుగంట కూర్చుని ఒకే శిల్పాన్ని చూడు. పది శిల్పాలమీద పది వాక్యాల కంటే ఒకదానిమీద ఐదు మేలు.

రాసేటప్పుడు నిద్ర లేవడంతో మొదలుపెట్టకు. ఎక్కువగా గుర్తున్న చోట మొదలుపెట్టి, అక్కడికెలా వెళ్లారో తర్వాత రెండు వాక్యాల్లో చెప్పు. ఆ రాత్రే చిత్తుప్రతి రాయాలి, వారం ఆగితే మిగిలేది ‘బాగుంది’ ఒక్కటే. మర్నాడు చదువుతూ ‘మరపురాని’, ‘కనువిందు చేసింది’, ‘వర్ణనాతీతం’ లాంటివి కొట్టేయి. కొట్టేశాక వాక్యంలో ఏమీ మిగలకపోతే ఆ వాక్యమే అక్కర్లేదు. మీ ఇంట్లో, వీధిలో అనే మాటలు రానివ్వు. పాత్రికేయుడిలా రాయమని ఎవరూ అడగలేదు.

పరీక్షలో ఇదే విషయం మిత్రుడికి లేఖగా అడిగితే, కుడివైపు పైన ఊరు, తేదీ, ఎడమవైపు సంబోధన, చివర నీ సంతకం, మిత్రుడి చిరునామా మరిచిపోకు. వీటికి విడిగా మార్కులు ఉంటాయి.

మా ఇంట్లో డబ్బులు కుదరక నేను విహారయాత్రకు వెళ్లలేదు. అందరితోపాటు నన్నూ వ్యాసం రాయమన్నారు. కల్పించి రాయనా?
– ఏడో తరగతి విద్యార్థిని, ఒంగోలు

కల్పించకు. ఆ రోజు బడిలో మిగిలినవాళ్లెందరు, ఏ గదిలో కూర్చోబెట్టారు, ఏ పాఠం చెప్పారు, మధ్యాహ్న భోజనం దగ్గర వరస ఎంత పొట్టిగా ఉంది – అది రాయి. వెళ్లినవాళ్లెవరూ అది రాయలేరు. లేదా వెళ్లొచ్చిన ఇద్దరిని విడివిడిగా అడిగి, ఒకరు చెప్పిందీ ఇంకొకరు చెప్పిందీ ఎక్కడ తేడా వచ్చిందో రాయి.

ఉపాధ్యాయులకు ఒక మాట: వెళ్లలేనివాళ్లు తరగతిలో ఉన్నప్పుడు విహారయాత్ర ఒక్కటే అంశంగా ఇవ్వకండి. ‘మా విహారయాత్ర లేదా మా బడిలో ఒకరోజు’ అంటే సరిపోతుంది.

సంక్రాంతి సెలవులకు ఇచ్చే హోంవర్క్ చివరిరోజు ఏడుస్తూ చేస్తాడు మావాడు. ఆరో తరగతి.
– ఒక తండ్రి, కరీంనగర్

పండగ మూడు రోజులూ పుస్తకం తీయనివ్వకండి. మిగతా రోజుల్లో పొద్దున ఒక గంట, అంతే. 2020 నాటి జాతీయ స్కూల్ బ్యాగ్ విధానం కూడా 6 నుంచి 8 తరగతులకు రోజుకు గంటకు మించి హోంవర్క్ వద్దంటుంది. 1, 2 తరగతులకైతే అసలు వద్దంది. సెలవిచ్చిన సాయంత్రమే మొత్తం పేజీలు లెక్కపెట్టి ఆ రోజులకు పంచండి. గంటకు ఇమడకపోతే తప్పు మీవాడిది కాదు, ఇచ్చిన పనిది. ఆ లెక్క కాగితంమీద రాసి డైరీలో పెట్టి టీచరుకు చూపించండి. చార్టులు, అతికించే ప్రాజెక్టులు ముందే చేయించండి. పండగకి ఊళ్లో స్టేషనరీ దుకాణాలు మూసి ఉంటాయి.