సర్టిఫికెట్ సరే, ప్రోబ్ చూశారా?

ప్రశ్న: పుట్టిన పిల్లలకు ఓఏఈ వినికిడి పరీక్ష (శబ్దం వినిపించి, లోచెవి తిరిగి పంపే సన్నటి శబ్దాన్ని కొలిచేది) చేసే టెక్నీషియన్‌ని. పది రోజులుగా చాలామందికి ‘రిఫర్’ (‘పాస్’ కాలేదు, మళ్లీ చూడాలి అని) వస్తోంది. మెషీన్‌కి కేలిబ్రేషన్ (కొలతలు సరిచూడటం) చేయించి రెండు నెలలే అయింది, సర్టిఫికెట్ కూడా ఉంది. మళ్లీ పంపించాలా?

జవాబు: అప్పుడే పంపకండి. ముందు చెవిలో పెట్టే ప్రోబ్ కొసన రబ్బరు టిప్ తీసేసి, లోపలి సన్నటి రంధ్రాలను దీపం వెలుగులో చూడండి. సగం ఫిర్యాదులు నాకు అక్కడే తేలిపోతాయి. గుబిలో, పుట్టినప్పుడు చెవిలో మిగిలిపోయే తెల్లటి జిగురో పిసరంత చాలు. ఆ రంధ్రాల వెనకే ఒక మైకు, డీపీ పరీక్షయితే (ఓఏఈలో రెండు స్వరాలతో చేసే రకం) రెండు స్పీకర్లు ఉంటాయి. మైకు దారి మూసుకుపోతే మెషీన్ మోసపోతుంది: చెవిలో శబ్దం చాలట్లేదనుకుని స్పీకర్లను ఇంకా గట్టిగా మోగిస్తుంది. ఇక చెవి తిరిగి పంపే శబ్దమా, అది ఎంతని! చాలాసార్లు 10 డెసిబెల్స్ కూడా దాటదు. 1978లో బ్రిటిష్ శాస్త్రవేత్త డేవిడ్ కెంప్ దాన్ని పట్టుకునేదాకా చెవి కూడా శబ్దం చేస్తుందంటే నమ్మినవాళ్లు తక్కువ.

కడగడానికి వీలున్న ప్రోబ్ కొసైతే కంపెనీ చెప్పిన పద్ధతిలో శుభ్రం చేయండి, లేదంటే మార్చేయండి. గుండుసూదితో మాత్రం గెలకొద్దు. ఆ పని చేసి ఒక ప్రోబ్ పాడుచేసిన ఘనత నాదే.

సర్టిఫికెట్ ఆ రోజు సంగతే చెబుతుంది. ఈ రోజు సంగతి చెప్పేవి రెండు. ఒకటి, మీ చెవి. బాగా వినిపించే చెవే అయితే రోజూ పొద్దున్నే దానికి పరీక్ష చేసుకుని అంకెలు రాసిపెట్టుకోండి. ఒకే ఫ్రీక్వెన్సీలో నిన్నటికీ ఇవాళ్టికీ అయిదారు డెసిబెల్స్ తేడా వస్తే నేను ఆ మెషీన్‌ని పిల్లల దగ్గరికి తీసుకెళ్లను. రెండోది, మెషీన్‌తో వచ్చే చిన్న ప్లాస్టిక్ క్యావిటీ, అంటే చెవి రంధ్రానికి బదులు వాడే ఉత్తి బోలు ముక్క. అందులో ప్రోబ్ పెట్టి పరీక్ష నడిపితే ‘రిఫర్’ రావాలి, ఎందుకంటే ప్లాస్టిక్‌కి లోచెవి లేదు కదా.

ఒకసారి నాకు అందులో ‘పాస్’ వచ్చింది. ప్లాస్టిక్ ముక్కకు వినికిడి భేషుగ్గా ఉందని తేల్చిందన్నమాట! నవ్వొచ్చింది, మరుక్షణం చెమట పట్టింది. డీపీ పరీక్షలో రెండు స్వరాలు ఇస్తాం. ఒకటి 4000 హెర్ట్జ్ అయితే రెండోది దాన్ని 1.22తో భాగించినంత, అంటే సుమారు 3279. ఆ రెండూ విని చెవి సొంతంగా పుట్టించే మూడో స్వరాన్ని మనం వెతికేది 2557 దగ్గర. స్పీకర్ పాడైతే ఆ మూడో స్వరాన్ని తనే పుట్టిస్తుంది, మెషీన్ దాన్ని చెవి ఖాతాలో వేస్తుంది. క్యావిటీ పరీక్ష నేను అప్పటికి నాలుగు రోజులుగా చేయలేదు. ఆ నాలుగు రోజుల్లో ‘పాస్’ అయిన పిల్లలందరినీ మళ్లీ పిలిపించాల్సి వచ్చింది. అప్పట్నుంచి నాకు ‘రిఫర్’ల కంటే తప్పుడు ‘పాస్’లంటేనే భయం.

ఈ రెండూ సవ్యంగా ఉండి కూడా ‘రిఫర్’లు తగ్గకపోతే, పరీక్ష ఎప్పుడు చేస్తున్నారో చూడండి. తల్లుల్ని ఈ మధ్య తొందరగా ఇంటికి పంపుతున్నారా? మొదటి 24 గంటల్లో చెవి ఇంకా తడిగానే ఉంటుంది, ‘రిఫర్’లు పెరుగుతాయి. ఈ మధ్య ప్రోబ్ మార్చారా అన్నది కూడా కనుక్కోండి. చాలా మెషీన్లలో ప్రోబ్‌నీ మెషీన్‌నీ జతగా కేలిబ్రేట్ చేస్తారు. పక్క గదిలోది తెచ్చి తగిలించి ఉంటే మీ సర్టిఫికెట్ ఆ ప్రోబ్‌కి వర్తించదు. అప్పుడు పంపండి, రెండూ కలిపి.