ఎంబిరా రికార్డింగ్‌లో వచ్చే ఆ జర్రుమనే శబ్దం తీసేయకండి

ఎంబిరా, అంటే చెక్క మీద బిగించిన ఇనుప మీటలని వేళ్లతో మీటే జింబాబ్వే వాద్యం, రికార్డ్ చేస్తుంటే ప్రతి స్వరం వెనకాలా జర్రుమని వస్తోంది, ఎలా తీసేయాలి అని అడిగారు. దయచేసి తీయకండి.

నేను జింబాబ్వే రాజధాని హరారేలో ఒక చిన్న స్టూడియోలో కొన్నాళ్లు పనిచేశాను. మొదటిసారి ఎంబిరా విన్నప్పుడు కేబుల్‌లో తేడా ఉందనుకుని మూడు కేబుళ్లు మార్చాను, అయినా పోకపోతే నాయిస్ తీసే సాఫ్ట్‌వేర్‌తో శుభ్రం చేసి వాయించిన పెద్దాయనకి వినిపించాను. ఆయన హెడ్‌ఫోన్స్ తీసి పక్కన పెట్టి "ఇది నా ఎంబిరా కాదు" అన్నారు. ఎంబిరా వాయించే అక్కడి షోనా జాతి వాళ్లు ఆ శబ్దం కోసమే చెక్కకీ, సొరబుర్రకీ సీసా మూతలు బిగిస్తారు, పూర్వం నత్తగుల్లలు కట్టేవారు. తంబురాలో తీగ కింద నూలు పోగు జరిపి జీవ పలికిస్తారు చూడండి, అలాంటిదే అనుకోండి. సాఫ్ట్‌వేర్‌కి అది చెత్తలాగే కనిపిస్తుంది, మనకి అలా కనిపించకూడదు.

ఇక మైకుల సంగతి. ఎంబిరాని డేజె అనే పెద్ద సొరబుర్ర లోపల బిగించి వాయిస్తారు, కాబట్టి ఒక కండెన్సర్ మైకు బుర్ర నోటికి అడుగు, అడుగున్నర దూరంలో కాస్త పక్కకి తిప్పి పెట్టండి, మరీ దగ్గరికి జరిపితే కింది స్వరాలు ఉబ్బిపోతాయి. రెండోది వాయించేవారి భుజం మీదుగా మీటల వైపు పెట్టి, ఒకదాని పోలారిటీ (సిగ్నల్ ప్లస్ మైనస్‌లు) తిప్పి చూడండి, ఎటు పెడితే కింది స్వరాలు నిండుగా వినిపిస్తాయో అటే ఉంచండి. ఇనుప మీటల దెబ్బకి లెవెల్ ఒక్కసారిగా ఎగురుతుంది, అందుకే 24 బిట్‌లో రికార్డ్ చేస్తూ, మీటర్‌లో గరిష్ఠ లెవెల్‌ని మైనస్ 12 డెసిబెల్స్ (dBFS) దగ్గరే ఆపుతాను. వాద్యానికే అంటించి చెక్క అదురుని పట్టే పియెజో పికప్ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, టిక్కుటిక్కుమనే దెబ్బ తప్ప బుర్రలో తిరిగే నాదం దానికి అందదు.

శ్రుతిని కూడా ముట్టుకోవద్దు! ఒక్కో ఎంబిరా శ్రుతి ఒక్కోలా ఉంటుంది, కీబోర్డ్ కలపాలంటే కీబోర్డునే దానికి సర్దండి.

ఇద్దరు వాయిస్తుంటే ఒకరు ముందు నడిపే వరస కుషౌర, ఇంకొకరు దాని సందుల్లో అల్లుకునే కుత్సింహిర వాయిస్తారు. విడివిడిగా రికార్డ్ చేస్తే ఆ అల్లిక రాదు, ఒకే గదిలో ఒకరినొకరు చూసుకునేలా కూర్చోబెట్టండి. హోషో, అంటే గింజలు నింపిన ఎండు బుర్రల జత, చాలా గట్టిగా మోగుతుంది. అలాగని అది లేకుండా వాయించమని అడగకండి, లయ దాని మీదే నడుస్తుంది. ఆ మనిషిని గది అవతలి మూలన, కార్డియాయిడ్ మైకుల (ముందు వైపు శబ్దాన్నే ఎక్కువగా పట్టేవి) వీపు వైపు నిలబెట్టండి.